తుంటి మరియు కాలి ఎముకలు విరుగుట

తుంటి మరియు కాలి ఎముకలు విరుగుట అనగా కటి వలయం మొదలుకొని పాదం వరకు గల ఎముకలలో ఏదేని ఒకటి చిట్లుట, పగులుట లేక రెండు లేదా అంతకు మించిన ముక్కలుగా వేరగుట. ప్రాచీన ఆయుర్వేద గ్రంథాలలో దీనికి భగ్నము అని పేరు. ఆధునిక వైద్యంలో ఫ్రాక్చర్ అంటారు. శరీర భారాన్ని మోసే ఎముకలు కావడం వల్ల ఇవి విరిగితే మనిషి కదలిక పూర్తిగా నిలిచిపోతుంది. చేతి ఎముక విరిగినవాడు కట్టుతో పనికి పోగలడు గాని తొడ ఎముక విరిగినవాడు మంచం దిగలేడు. వృద్ధులలో ఈ మంచాన పడుటయే విరిగిన ఎముక కంటె పెద్ద ప్రమాదం.

వరంగల్ నగరంలోని మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి ఉత్తర తెలంగాణలో ఇటువంటి గాయాలకు ప్రధానమైన ప్రభుత్వ వైద్యశాల. జనవ్యవహారంలో దీనిని ఎం.జి.ఎం. అంటారు. ఇది 1959లో ప్రారంభమైన కాకతీయ వైద్య కళాశాలకు బోధనాసుపత్రి. నగరం నుండియే గాక ములుగు, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల అటవీ గ్రామాల నుండి కూడ క్షతగాత్రులు ఇక్కడికి వస్తారు. అంత దూరం ప్రయాణం చేయవలసి ఉన్నందున, విరిగిన కాలిని గుర్తించి కదలకుండా కట్టి తీసుకొనివచ్చు పద్ధతి ఇంటివారికి తెలిసి ఉండుట ఈ ప్రాంతంలో మరింత అవసరం.

ఎముకల నిర్మాణం

కటి వలయం నడుము క్రింద గిన్నె ఆకారంలో ఉండే ఎముకల కూర్పు. దాని రెండు ప్రక్కల గల గుంటలలో తొడ ఎముక తల బంతివలె ఇమిడి ఉంటుంది. ఈ చోటినే తుంటి కీలు అంటారు. తలకు, ఎముక కాండానికి మధ్య సన్నని మెడ ఉన్నది. తొడ ఎముక శరీరంలోని ఎముకలన్నింటిలోను పొడవైనది, బలమైనది. మోకాలి క్రింద రెండు ఎముకలు ఉంటాయి. లోపలివైపు ఉండి బరువు మోసే పెద్ద ఎముక టిబియా, వెలుపలివైపు ఉండే సన్నని ఎముక ఫిబులా. మోకాలి ముందు చిప్ప, క్రింద చీలమండ కీలు, పాదపు ఎముకలు, మడమ ఎముక ఉన్నవి.

"తుంటి విరిగింది" అని జనులు చెప్పినప్పుడు చాల సందర్భాలలో విరిగినది కటి వలయం కాదు, తొడ ఎముక పైభాగం. ఈ తేడా మాటలో చిన్నదే అయినా చికిత్సలో పెద్దది.

టిబియా ముందుభాగంపై కండరం లేదు, చర్మం మాత్రమే కప్పి ఉంటుంది. వేలితో తడిమితే మోకాలి నుండి చీలమండ వరకు ఎముక అంచు తెలుస్తుంది. అందువల్ల ఈ ఎముక విరిగినప్పుడు మొన చర్మాన్ని చీల్చుకొని బయటికి రావడం తక్కిన ఎముకల కంటె ఎక్కువ.

కారణాలు

వయసును బట్టి కారణం మారుతుంది. యువకులలో ద్విచక్రవాహన ప్రమాదాలు ముఖ్యం. హైదరాబాదు నుండి వరంగల్ మీదుగా భూపాలపట్నం పోవు 163వ జాతీయ రహదారి, దానిని కలిసే పల్లెదారులు ఇందుకు వేదికలు. వృద్ధులలో రహదారితో పని లేదు. తడిసిన స్నానాలగది, వాకిలి గడప, రాత్రివేళ వెలుతురు లేని పెరడు చాలు. నిలుచున్న ఎత్తు నుండి పడినంత మాత్రాన ఎముక విరిగినదంటే ఆ ఎముక ముందే గుల్లబారినదని అర్థం చేసికొనవలెను. కొందరిలో ముందు ఎముక విరిగి, ఆపైన మనిషి పడుటయు కలదు.

తాటిచెట్ల నుండి పడుట తెలంగాణలో ప్రత్యేకంగా చెప్పవలసిన కారణం. గీత కార్మికులు మోకు, ముత్తాదు, గుజి అనే సాధనాల ఆధారంతో ఎత్తయిన చెట్లు ఎక్కి కల్లు దింపుతారు. వానకాలంలో చెట్టు మొదలు జారుడుగా ఉన్నప్పుడు, లేక మోకు అరిగి తెగినప్పుడు పాదాలపై నిలువునా పడతారు. అట్టి పాటులో మొదట మడమ ఎముక నలుగుతుంది. ఆ తాకిడి పైకి పోయి చీలమండ, టిబియా పైభాగం, తుంటి, చివరకు నడుము వెన్నుపూస కూడ దెబ్బతినవచ్చు. మడమ నొప్పి భరింపరానిదై ఉండుట వల్ల రోగి నడుము నొప్పిని చెప్పడు. కావున ఎత్తు నుండి పడి మడమ విరిగినవారికి వెన్నెముకను కూడ తప్పక పరీక్షించవలెను. వెన్ను గాయం ఉన్నవానిని భుజాలు, కాళ్ళు పట్టి మడిచి ఎత్తినచో కాళ్ళు చచ్చుబడే అపాయం ఉన్నది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం అనే పేరుతో గీత కార్మికులకు భద్రతా పరికరాల పంపిణీ ప్రారంభించింది. కాటమయ్య గౌడ కులస్తుల ఇలవేల్పు.

చిన్నపిల్లల విషయంలో బండి చక్రం ఊచలలో పాదం ఇరుకుట తరచు జరుగుతుంది. వెనుక కూర్చున్న బిడ్డ పాదం సైకిలు లేక మోటారుసైకిలు చక్రంలో పడి మడమ చర్మం ఒలిచినట్లై చీలమండ ఎముక చిట్లుతుంది. పైకి చర్మగాయంగా మాత్రమే కనబడినా ఎక్స్‌రే తీయించవలెను.

తాగునీటిలో ఫ్లోరైడు ఎక్కువైన గ్రామాలది వేరొక సమస్య. మన దేశంలో ఎముకలకు సోకే ఫ్లోరోసిస్‌ను మొదటగా 1937లో గుర్తించినది నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. తెలంగాణలో నల్లగొండ జిల్లా దీనికి పేరుపడినది. ఫ్లోరైడు చేరిన ఎముక ఎక్స్‌రేలో మామూలు కంటె తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. దట్టంగా ఉన్నంత మాత్రాన అది గట్టి ఎముక కాదు. పెళుసుబారి సులభంగా విరుగుతుంది.

గుర్తించుట

విరిగిన చోట నొప్పి, వాపు, కమిలిన రంగు, ఆకారంలో మార్పు, కాలు మోపలేకపోవుట సాధారణ లక్షణాలు. కదిలించినప్పుడు ఎముక ముక్కలు ఒరుసుకొని కరకరమను శబ్దం రావచ్చు గాని, ఆ శబ్దం కోసం కాలిని కదిలించి చూడరాదు. దాని వల్ల లోపలి రక్తనాళాలు తెగే ప్రమాదం కలదు.

తుంటి దగ్గర తొడ ఎముక విరిగినప్పుడు రోగిని వెల్లకిల పడుకోబెట్టి రెండు కాళ్ళను పోల్చి చూచినంతనే చాలవరకు తెలిసిపోతుంది. దెబ్బతిన్న కాలు పొట్టిగా కనబడుతుంది. పాదం వెలుపలివైపుకు ఒరిగి ఉంటుంది. ఆ కాలిని తనంతట తాను మంచం మీది నుండి పైకెత్తలేడు. దీనికి భిన్నంగా పాదం, మోకాలు లోపలివైపుకు తిరిగి, తొడ కొద్దిగా ముడుచుకొని ఉంటే తుంటి కీలు వెనుకకు తొలగినదని అనుమానించవలెను. కారులో ముందు సీటులో కూర్చున్నవారి మోకాలు ఎదుటి పలకకు గుద్దుకున్నప్పుడు ఇది జరుగుతుంది. తొలగిన తుంటిని గంటల వ్యవధిలో మత్తు ఇచ్చి తిరిగి కూర్చుండబెట్టనిచో తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడుతుంది.

మోసపుచ్చే సందర్భాలు రెండు ఉన్నవి. మొదటిది, తొడ ఎముక మెడ విరిగి ముక్కలు ఒకదానిలో ఒకటి గుచ్చుకొనిపోయినప్పుడు వృద్ధురాలు కుంటుతూ నడవగలదు. నడుస్తున్నది గదా అని ఇంటివారు ఊరుకుంటారు. కొద్ది రోజులకు ముక్కలు జారి అకస్మాత్తుగా పడిపోతుంది. ఇట్టివారిలో మొదటి ఎక్స్‌రేలో కూడ పగులు కానరాకపోవచ్చు. నొప్పి తగ్గనిచో ఎం.ఆర్.ఐ. లేక సి.టి. పరీక్ష చేయవలసి ఉంటుంది. రెండవది, తుంటి నొప్పి మోకాలిలో తెలియుట. తుంటికి, మోకాలికి పోవు నాడులు కొన్ని ఒక్కటే కావడం దీనికి కారణం. పడిన తరువాత మోకాలు నొప్పి అని చెప్పే వృద్ధులకు, కుంటే పిల్లలకు మోకాలితో పాటు తుంటిని కూడ పరీక్షించనిచో అసలు గాయం తప్పిపోతుంది.

చీలమండ బెణికినదా, విరిగినదా తెలిసికొనుటకు 1992లో కెనడాలోని అట్టావా నగర వైద్యులు కొన్ని సూత్రాలు రూపొందించారు. చీలమండ ఇరువైపుల గల ఎముక గుబ్బల వెనుక అంచును నొక్కినప్పుడు నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనే గాని ఆసుపత్రిలో గాని నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే అవసరం. పాదం మధ్యభాగపు ఎముకలకు కూడ ఇట్టి సూత్రాలే కలవు.

కటి వలయం విరిగితే పైకి వంకర ఏమీ కనబడకపోవచ్చు. తుంటి ఎముకలను రెండు చేతులతో అటూ ఇటూ కదిపి చూచుట పాత పద్ధతి. ఇప్పుడు అది కూడదని చెప్పబడుతున్నది. మూత్రద్వారం వద్ద రక్తం కనబడుట, మూత్రం రాకపోవుట తీవ్రమైన గాయానికి గుర్తులు.

లోపలి రక్తస్రావం

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. తొడ ఎముక కాండం విరిగితే చర్మం చెక్కుచెదరకపోయినా తొడ కండరాలలోనే ఒకటి నుండి ఒకటిన్నర లీటర్ల వరకు రక్తం పోగుపడగలదు. కటి వలయం విరిగితే రెండు లీటర్లకు మించవచ్చు. బయట నెత్తురు చుక్క లేదు గనుక భయం లేదని అనుకొనుట పొరపాటు. చర్మం చల్లబడి చెమటలు పట్టుట, నాడి వేగంగా సన్నగా కొట్టుకొనుట, దప్పిక, కలవరపాటు కనబడితే రోగి ప్రాణాపాయంలో ఉన్నట్లే.

ప్రథమ చికిత్స

ముందుగా శ్వాస, స్పృహ, రక్తస్రావం చూడవలెను. ఆ తరువాతనే ఎముక. 108 నెంబరుకు ఫోను చేసి అత్యవసర వాహనాన్ని పిలువవలెను. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమై తరువాత రాష్ట్రమంతటా విస్తరించినది.

రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గట్టిగా అదిమి పట్టవలెను. బయటికి వచ్చిన ఎముకను లోపలికి నెట్టరాదు. శుభ్రమైన తడి గుడ్డ కప్పి వదలవలెను. పసుపు, కాఫీపొడి, పేడ, ఆకుపసరు గాయంలో పెట్టుట ఎముక లోపలికి చీము పట్టించుటయే అగును.

కాలిని ఉన్న స్థితిలోనే కదలకుండా కట్టుటకు ప్రత్యేక సామగ్రి అక్కరలేదు. బాగున్న కాలే మంచి బద్ద. రెండు కాళ్ళ మధ్య మడత దుప్పటి ఉంచి తువ్వాళ్ళతో లేక చీరపీలికలతో తొడ, మోకాలు పైన, మోకాలు క్రింద, చీలమండ వద్ద కలిపి కట్టవలెను. విరిగిన చోటుపై ముడి రాకూడదు. మోకాలి క్రింద ఎముక విరిగినచో ఇరువైపుల వెదురు బద్దలో, చెక్కపలకలో పెట్టి మెత్త వేసి కట్టవచ్చు. విరిగిన చోటికి పైనున్న కీలు, క్రిందనున్న కీలు రెండూ కదలకుండుట కట్టు లక్ష్యం. కట్టిన పిదప కాలివ్రేళ్ళు వెచ్చగా ఉన్నవా, రంగు మారినవా, స్పర్శ తెలుస్తున్నదా అని మాటిమాటికి చూడవలెను.

స్త్రీలకు కాలి పట్టీలు, కడియాలు, మెట్టెలు వెంటనే తీసివేయవలెను. గంట గడచి వాపు వచ్చిన తరువాత అవి ఊడిరావు. అప్పుడు కత్తిరించవలసి వస్తుంది. సెంటిమెంటు కొద్దీ మెట్టెలు ఉంచిన వ్రేలు నల్లబడిన సందర్భాలు వైద్యులకు కొత్త కావు.

రోగిని మోటారుసైకిలుపై ఇద్దరి మధ్య కూర్చుండబెట్టి తీసికొనిపోరాదు. వాహనం రాని ఊళ్ళలో నులక మంచం లేక తలుపు రెక్క మీద పడుకోబెట్టి రహదారి వరకు మోసికొనిపోవుట మేలు. శస్త్రచికిత్సకు మత్తు ఇవ్వవలసి రావచ్చును గనుక దారిలో అన్నం, చాయ ఇవ్వరాదు. తొక్కించుట, తైలమర్దనం, లాగి సరిచేయుట ఎంతమాత్రం పనికిరావు.

రహదారిపై పడిన అపరిచితుని ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులు గాని ఆసుపత్రివారు గాని ఇబ్బంది పెట్టరాదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలను ఆమోదించింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం వారికి చట్టరక్షణ కల్పించింది. 2025 మేలో కేంద్ర ప్రభుత్వం రహదారి ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు ఒకటిన్నర లక్షల రూపాయల వరకు నగదు రహిత చికిత్స పథకాన్ని ప్రకటించింది.

బిగికట్టు వల్ల కలిగే ప్రమాదం

పల్లెలలో ఎముక విరిగినవారు తొలుత కట్టు కట్టేవారి వద్దకు పోవుట తరతరాల ఆచారం. చిత్తూరు ప్రాంతంలోని పుత్తూరు కట్టు తమిళనాడు, కర్ణాటకలలో సైతం ప్రసిద్ధి చెందినది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డపట్టీలు ఇందులో వాడతారు. తెలంగాణ గ్రామాలలోను ఇట్టి వైద్యులు ఉన్నారు. నల్లేరు తీగను ఎముక అతికే మందుగా వాడుట అందరికీ తెలిసినదే. దాని సంస్కృత నామాలలో అస్థిసంహారక ఒకటి.

ముక్కలు చెదరని చిన్న పగుళ్ళు ఏ కట్టుతోనైనా, ఒక్కొక్కప్పుడు కట్టు లేకున్నా అతుకుతాయి. కట్టువైద్యానికి వచ్చిన పేరులో అధికభాగం ఇట్టివాటి వల్లనే. తుంటి వద్ద విరిగిన ఎముకను గాని, కీలులోనికి పగిలిన ఎముకను గాని, పైకి తేలిన ఎముకను గాని పసరు కట్టు సరిచేయజాలదు.

అసలు ప్రమాదం కట్టులో కాదు, బిగింపులో ఉన్నది. మోకాలి క్రింది కండరాలు నాలుగు గదులుగా విభజింపబడి, సాగని పొరలతో చుట్టబడి ఉంటాయి. ఎముక విరిగి రక్తం చేరినప్పుడు గదిలో ఒత్తిడి పెరుగుతుంది. పైన గట్టి కట్టు ఉన్నచో వాపుకు చోటు లేక ఒత్తిడి మరింత హెచ్చి, సన్నని రక్తనాళాలు మూసుకొనిపోతాయి. దీనినే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. సుమారు ఆరు గంటలు దాటితే కండరం, నాడి తిరిగిరానంతగా చనిపోవడం మొదలవుతుంది. దీనికి ముందుగా వచ్చే గుర్తు నొప్పి. గాయానికి తగినంత కాక, మందులకు లొంగక, గంటగంటకు పెరిగే నొప్పి. కాలి వ్రేళ్ళను మరొకరు మెల్లగా పైకి వంచితే రోగి కేక పెడతాడు. తిమ్మిరి, పాలిపోవుట, వ్రేళ్ళు కదపలేకపోవుట తరువాతి గుర్తులు. పాదం వద్ద నాడి అందుతున్నంత మాత్రాన భయం లేదని భావించరాదు. నాడి ఆగేసరికి ఆలస్యం అయిపోయినట్లే.

"కొత్త కట్టు గదా, నొప్పి ఉంటుంది, తెల్లవారి చూద్దాం" అని చెప్పే మాట ఇక్కడ కాలిని పోగొడుతుంది. కట్టు ఎవరు కట్టినదైనను, పసరుదైనను, ఆసుపత్రి పిండికట్టు అయినను, వెంటనే మొదలంటా కోసి వదులు చేయవలెను. అప్పటికీ తగ్గనిచో శస్త్రవైద్యులు పొరలను నిలువుగా చీల్చి ఒత్తిడి తీసివేస్తారు. ఆలస్యమైనచో కాలు కుళ్ళి తొలగించుట తప్ప మార్గం ఉండదు.

ఇది కొత్త జ్ఞానం కాదు. సుశ్రుత సంహితలో కట్టు వదులైతే అతుకు నిలువదని, బిగువైతే వాపు, నొప్పి, పాకం కలుగుతాయని, కావున మధ్యస్థంగా కట్టవలెనని చెప్పబడినది. చల్లని కాలంలో ఏడు రోజులకు, మధ్యస్థ కాలంలో ఐదు రోజులకు, వేసవిలో మూడు రోజులకు కట్టు మార్చవలెననియు ఉన్నది. కాలు విరిగినవారిని చెక్కపలకపై పడుకోబెట్టి మేకులతో కదలిక నివారించే కపాటశయనం అనే పద్ధతి కూడ అందులో వర్ణింపబడినది.

చికిత్స

ముక్కలను యథాస్థానానికి తెచ్చుట, అతికే వరకు నిలిపి ఉంచుట, కీళ్ళు బిగుసుకొనిపోకుండ కదిలించుట అను మూడు పనులు ఏ పద్ధతిలోనైనా ఉంటాయి. పిండికట్టును 19వ శతాబ్ది మధ్యలో డచ్చి సైనిక వైద్యుడు మాతైసెన్ ప్రవేశపెట్టాడు. తొడ ఎముకకు వాడే పొడవాటి ఇనుప చట్రాన్ని రూపొందించిన హ్యూ ఓవెన్ థామస్ వేల్స్ దేశపు నాటు కట్టువైద్యుల కుటుంబంలో పుట్టి వైద్యవిద్య చదివినవాడు. ఆయన మరణానంతరం మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ చట్రం వల్ల తొడ విరిగిన సైనికుల మరణాలు గణనీయంగా తగ్గినవి. నేటికీ అత్యవసర విభాగాలలో అది వాడుకలో ఉన్నది.

తొడ ఎముక కాండం విరిగితే పెద్దవారికి ఎముక మూలుగలోనికి ఉక్కు లేక టైటానియం కడ్డీ దింపుతారు. జనులు దీనిని రాడ్ వేయుట అంటారు. 1939–40లో జర్మనీకి చెందిన కుంచర్ ఈ పద్ధతికి ఆద్యుడు. అంతకు పూర్వం కాలికి బరువులు వ్రేలాడదీసి నెలల తరబడి మంచంలో ఉంచేవారు. రాడ్ వేసినవారు కొద్ది రోజులలోనే చంకకర్రలతో లేవగలరు. టిబియాకు సైతం చెదరని విరుపైతే పిండికట్టు, లేనిచో రాడ్ వేస్తారు. కీలు దగ్గర విరిగినప్పుడు ప్లేట్లు, మరలు వాడతారు. చర్మం చీలిన గాయాలకు వీలైనంత త్వరగా, మేలైతే గంటలోపు యాంటీబయాటిక్ సూదిమందు, ధనుర్వాతం టీకా ఇచ్చి, గాయాన్ని శస్త్రచికిత్సశాలలో కడిగి చచ్చిన కణజాలాన్ని తీసివేస్తారు. బాగా చెదిరినచో బయటి నుండి ఊచలు, చట్రం అమర్చుతారు. చీము పట్టి ఎముక కొంత పోయినవారికి సైబీరియాలోని కుర్గాన్ నగరానికి చెందిన ఇలిజరోవ్ రూపొందించిన వలయాల చట్రంతో రోజుకు మిల్లీమీటరు చొప్పున కొత్త ఎముకను పెంచవచ్చును.

మోకాలి చిప్ప రెండుగా విడిపోతే కాలు చాచలేరు. తీగతో బిగించి కడతారు. చీలమండలో చెదరని విరుపులకు కట్టు చాలు, కీలు జరిగితే శస్త్రచికిత్స చేస్తారు.

వృద్ధులలో తుంటి విరుగుట

వైద్యులు తొడ ఎముక పైభాగపు విరుపులను కీలు సంచికి లోపలివి, వెలుపలివి అని రెండుగా విభజిస్తారు. ఎముక తలకు రక్తం అందించే నాళాలు మెడను అంటిపెట్టుకొని పైకి ప్రాకుతాయి. మెడ విరిగి జరిగితే ఆ నాళాలు తెగి, ముక్కలు సరిగా అమర్చినను తల ఎండిపోవచ్చును. అందువల్ల అరవై దాటినవారిలో ముక్కలు జరిగి ఉంటే తలను తీసివేసి లోహపు తల అమర్చుట, లేక కీలు మొత్తం మార్చుట మేలు. యువకులలో మాత్రం తమ ఎముకను నిలుపుకొనుటకు త్వరపడి మరలు బిగిస్తారు. సంచికి వెలుపల, గుబ్బల మధ్య విరిగినచోట రక్తప్రసరణ బాగుంటుంది గనుక అతుకుతుంది. దానికి జారుడు మర గల ప్లేటు గాని, తొడలోనికి దింపే పొట్టి కడ్డీ గాని వాడతారు.

"ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, ఉన్నన్నాళ్ళు మంచంలో ఉంటుంది" అని కుటుంబాలు తరచు నిర్ణయిస్తాయి. ప్రేమతో చెప్పిన మాటే గాని ఫలితం వేరు. కదలలేని వృద్ధునికి పడకపుండ్లు పడతాయి. ఊపిరితిత్తులకు నెమ్ము చేరుతుంది. కాలి సిరలలో రక్తం గడ్డకట్టి గుండెలోనికి, అక్కడి నుండి ఊపిరితిత్తులకు పోతుంది. శస్త్రచికిత్సతో కూడ తుంటి విరిగిన వృద్ధులలో ఏడాదిలోపు ఐదింట ఒక వంతు నుండి మూడింట ఒక వంతు వరకు మరణిస్తున్నట్లు పలు దేశాల అధ్యయనాలు చూపుతున్నవి. చికిత్స లేక పడియున్నవారి స్థితి ఇంకను కనిష్ఠం. వయసు ఎంతైనను, ప్రాణాపాయమైన వేరే జబ్బు అడ్డురానిచో, రెండు రోజులలోపు శస్త్రచికిత్స చేసి మరునాడే లేపి నిలబెట్టుట నేటి పద్ధతి. ఎముక అతుకుట కంటె కూడ నొప్పి పోయి మనిషి లేచి కూర్చొనుట ఇక్కడ ప్రధానోద్దేశం.

ఖర్చు భయంతో ఆలస్యం చేయుట కూడ సామాన్యమే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం ఎముకల గాయాలకు అనేక శస్త్రచికిత్సలను చేర్చినది. తెలంగాణలో 2023 డిసెంబరులో దీని పరిమితి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచబడినది.

పిల్లలలో

పిల్లల ఎముక త్వరగా అతుకుతుంది. నవజాత శిశువు తొడ ఎముక రెండు మూడు వారాలలో గట్టిపడుతుంది. ఐదేళ్ళలోపు పిల్లలకు నడుము నుండి పాదం వరకు పిండికట్టు వేస్తే సాధారణంగా చాలు. కొద్ది వంకరను ఎముక పెరుగుదల తనే సరిచేసికొంటుంది. కీలు సమీపంలో పెరుగుదల పొర దెబ్బతింటే మాత్రం కాలు పొట్టిది గాని వంకర గాని కావచ్చును. ఇంకా నడక రాని బిడ్డ తొడ ఎముక విరిగితే బిడ్డ ఎట్లు దెబ్బతిన్నదో, ఎముక జబ్బు ఏదేని ఉన్నదో వైద్యులు విచారించవలెను.

కోలుకొనుట

పెద్దవారిలో టిబియా అతుకుటకు నాలుగైదు నెలలు, తొడ ఎముక కాండానికి మూడు నుండి ఆరు నెలలు పట్టును. బీడీ, చుట్ట, సిగరెట్టు త్రాగేవారిలో, మధుమేహం అదుపులో లేనివారిలో ఆలస్యం అవుతుంది. బీడీ మానుట ఎముకకు ఏ మందుకన్నను మిన్న. తొడ ఎముక విరిగిన ఒకటి నుండి మూడు రోజులలో ఆయాసం, మత్తుగా ఉండుట, రొమ్ముపై ఎర్రని చుక్కలు కనబడితే మూలుగ కొవ్వు రక్తంలో చేరినదని అనుమానించి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. పిక్క వాచి నొప్పి చేసినా వేచి ఉండరాదు.

తుంటిలో లోహపు తల అమర్చినవారు గొంతుకూర్చొనుట, బాసింపట్టు వేయుట, తక్కువ ఎత్తు పీటపై కూర్చొనుట మానవలెనని సాధారణంగా చెబుతారు. కీలు తొలగే అవకాశం ఉండుటయే కారణం. నేలపై కూర్చుండి భోజనం చేసే ఇళ్ళలో, నేలబారు మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. మరుగుదొడ్డిపై అమర్చే కుర్చీ ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే ముందే సిద్ధం చేసుకోవలెను.

ఒకసారి తుంటి విరిగినవారికి రెండవ తుంటి విరిగే అవకాశం తక్కినవారి కంటె ఎక్కువ. కావున గుల్లబారిన ఎముకలకు చికిత్స అప్పుడే మొదలుపెట్టవలెను. డెక్సా పరీక్షలో టి-స్కోరు మైనస్ 2.5 లేక అంతకంటె తక్కువ ఉంటే ఎముకలు గుల్లబారినట్లు లెక్క. కాల్షియం, విటమిన్ డి, బిస్ఫాస్ఫొనేట్ మందులు వైద్యుని సలహాపై వాడతారు. ఈ మందులను ఏళ్ళ తరబడి వాడేవారికి తొడలో కొత్తగా మందమైన నొప్పి మొదలైతే ఎక్స్‌రే తీయించవలెను. అరుదుగా తొడ ఎముక కాండం అడ్డంగా చిట్లుట కలదు. తెలుగువారి ఆహారంలో కాల్షియం అధికంగా గల ధాన్యం రాగులు. వంద గ్రాములలో సుమారు 340 మిల్లీగ్రాములు ఉంటుంది.

ఇంటిలో మెట్లకు చేతికమ్మి, స్నానాలగదిలో జారని పట్టా, రాత్రి పెరటిదారిలో దీపం, చూపు తగ్గినవారికి కంటిశుక్లం శస్త్రచికిత్స, నిద్రమాత్రలు తగ్గించుట పడుటను నివారించును.